మోరీ గోడ మీద కూర్చునేది

మా జిల్లా దయ్యాలు మామూలుగా పాతకాలంవి. నిజాం నాటి బావుల్లోవో, కూలిపోయిన గడీల్లోవో. వాటికి తాతల వయసుంటుంది, వాటి కథలు చెప్పేవాళ్ళకీ తాతల వయసే ఉంటుంది. కానీ నల్గొండ నుంచి దేవరకొండ పోయే దారిలో, రాళ్లగూడెం మలుపు దగ్గరి మోరీ మీది దయ్యం అట్లాంటిది కాదు. బండ్ల అద్దాలకు ఫాస్టాగ్ స్టిక్కర్లు వచ్చిన తర్వాత పుట్టిన దయ్యం అది.

మోరీ అంటే మరీ పెద్దదేం కాదు. ఊరి తొవ్వ వచ్చి పెద్ద రోడ్డును కలిసే చోట, కింద నుంచి వాన నీళ్ళు పోయేందుకు ఒక తూము, దానికి అటూ ఇటూ నడుమెత్తు సిమెంటు గోడలు. పగలు ఆ గోడల నీడన మేకలు పడుకుంటాయి. పొద్దు గూకినా భయమేం లేదు. నడిరాత్రి దాటి, ఇంకా కోడి కూయక ముందు ఒక గడియ ఉంటుంది చూడండి... అప్పుడు.

పెద్ద మనిషంత ఉండదట, చిన్న పిల్లంతా ఉండదట. నడుము దగ్గర మడిచిపెట్టినట్టు ఉంటుంది. నెత్తి మీది నుంచి చద్దరు కప్పుకొని ఉంటుంది. గోడ ఎక్కుతుంది... కూర్చుంటుంది... దిగుతుంది. మళ్ళీ ఎక్కుతుంది.

ప్రతి దయ్యం ఏదో ఒక పని పెట్టుకుంటుంది. నీళ్ళు తోడే వాటి గురించి విన్నాను, గజ్జెలు మోగించే వాటి గురించి విన్నాను. ఎక్కి దిగడమే పనిగా పెట్టుకున్న దయ్యం గురించి మాత్రం అదే వినడం.

పాల డబ్బాల బండి నడిపే కురుమయ్య ఒకసారి అక్కడ ఆగాడు. ఎందుకు ఆగాడో అడగొద్దు, మగవాళ్ళు మోరీల దగ్గర ఎందుకు ఆగుతారో అందుకే ఆగాడు. చీకట్లో గోడ మీద నుంచి గొంతు వినిపించింది, చాలా మెల్లగా...

"జర... ఎక్కాల్నా?"

ఎక్కడం అనే మాట బండికీ వాడతాం, దయ్యానికీ వాడతాం. కురుమయ్యకు ఆ సమయంలో బండి గుర్తు రాలేదు. తన మీదికే ఎక్కుతానంటోందని అనుకున్నాడు. డబ్బాలు దొర్లిపోయినా వెనక్కి చూడకుండా ఊరు చేరాడు. ఆ తర్వాత జ్వరం, తాయెత్తు, పీర్ల చావడి దగ్గర ఊదు పొగ... అన్నీ అయ్యాయి.

ఇంకేముంది, దయ్యానికి చరిత్ర తయారైంది. లారీ కింద పడి పోయిన ముసలామె అని ఒకరన్నారు. మోరీ కట్టేటప్పుడు ఎవర్నో బలిచ్చారని ఇంకొకరన్నారు. ఆ మోరీ కట్టిన కాంట్రాక్టరు సిమెంటే సరిగా పొయ్యలేదు, ఇంక బలెక్కడ ఇస్తాడు అని నేను నవ్వాను. నవ్వాను గానీ ఆ దారిన పోయేటప్పుడు కారు అద్దం ఎక్కించుకోవడం మాత్రం మరిచిపోలేదు.

నాకు అసలు సంగతి చెప్పింది షరీఫ్. నల్గొండలో బొలెరో కిరాయికి తిప్పుతాడు. ఆఫీసు పని మీద దేవరకొండ పోవాల్సి వస్తే నేను ఆయన్నే పిలుస్తాను. ఆ మోరీ దగ్గరికి రాగానే అన్ని బండ్లూ వేగం పెంచుతాయి. షరీఫ్ తగ్గిస్తాడు. తగ్గించి, ఎడమ పక్క గోడ వైపు ఒకసారి చూసి, అప్పుడు పోతాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. మల్లేపల్లి దాటిన తర్వాత మొదలుపెట్టాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

రాళ్లగూడెంలో ప్రేమ్‌సాగర్ అని ఒకాయన ఉన్నాడు. షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వారమంతా అక్కడే, శనివారం రాత్రికి ఇల్లు చేరతాడు. భార్య మంజులత, కూతురు వర్షిత, ఒక అక్క - అందరూ ఊళ్ళోనే ఉంటారు. ఇంటిల్లిపాదినీ తీసుకొని ఒక పెద్ద ట్రిప్పు పోవాలని ఆయన కోరిక.

మామూలు ట్రిప్పు కాదు. గుళ్ళు వద్దు, షాపింగ్ వద్దు, హోటల్ బోర్డు ముందు ఫొటోలు వద్దు. అడవి, లోయలు, సముద్రం... అంతే. మన్ననూరు దగ్గర నల్లమల అడవిలోకి పోవాలి. ఫరహాబాద్‌లో జీపెక్కి పులి కోసం చూడాలి. మల్లెలతీర్థం జలపాతం కింద తడవాలి. శ్రీశైలం ఘాటు దిగి, దోర్నాల అడవి దాటి, మార్కాపురం మీదుగా చీరాల పక్క వాడరేవు చేరాలి. శనివారం వచ్చిందంటే షరీఫ్‌కు ఫోనే. ఒక శనివారం ఆ ట్రిప్పు కోరింగ మడ అడవుల దాకా పెరిగింది. ఇంకో శనివారం ఒరిస్సా చిల్క సరస్సు దాకా పోయింది. చివరికి వర్షిత సెలవులు సరిపోక మళ్ళీ వాడరేవు దగ్గరికే వచ్చి ఆగింది.

అయితే సముద్రం కోరిక ఆయనది కాదు. వాళ్ళ అక్కది. ఈదమ్మ.

షరీఫ్ ఆమెను చూడలేదు, ఫోన్‌లో గొంతు విన్నాడంతే. తమ్ముడు మాట్లాడుతుంటే మధ్యలో ఫోన్ అందుకునేది.

"భాయ్, సముద్రంల పొద్దు పొడుస్తదా, గూకుతదా?"

"మన దిక్కు సముద్రంల పొడుస్తదక్కా."

"బండి నీళ్ళ కాడి దాకా పోతదా?"

"పోదక్కా. ఇసుకల దిగబడ్తది. జర నడవాలె."

"మీ బండి సీటు ఎంత ఎత్తుంటది?"

"నడుమెత్తు ఉంటదక్కా."

"నీ నడుమా, నా నడుమా?" అని నవ్వింది.

ఎందుకు నవ్విందో షరీఫ్‌కు అప్పుడు అర్థం కాలేదు. కానీ ఆ నవ్వు ఆయనకు నచ్చింది. ముందు సీటు ఆమెకే అని ప్రేమ్‌సాగర్ ఎన్నోసార్లు అన్నాడు. పుట్టిన కాడి నుంచి ఆమె ఊరు దాటి పోయింది తక్కువ. ఒక్కపాలి సముద్రం చూస్తే చాలు తమ్మీ, మళ్ళ నిన్ను ఏమీ అడగను అన్నదట. ట్రిప్పులో అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఆమేనని షరీఫ్‌కు తెలిసిపోయింది.

ఒక చిక్కు వచ్చింది. రాత్రుళ్ళు అడవి గేటు మూసేస్తారు, తెల్లవారితే గానీ తియ్యరు. గేటు తీసీతీయంగానే లోపలికి పోతే జింకలు, అడవి పందులు రోడ్డు మీదే కనబడతాయి, అదృష్టం ఉంటే పెద్దదే కనబడుతుంది. అంటే రాళ్లగూడెంలో కోడి కూయక ముందే బయలుదేరాలి.

అంటే ఆ మోరీ... ఆ గడియలోనే.

"జర తెల్లారినంక పోదాం సార్," అన్నాడు షరీఫ్.

"నువ్వు గూడ గవ్వన్ని నమ్ముతవా భాయ్?" అని ప్రేమ్‌సాగర్ నవ్వాడు. "మా ఊరి మోరీ నాకు తెల్వదా?"

షరీఫ్ సిగ్గుపడి ఒప్పుకున్నాడు.

ఆ రోజు వచ్చింది. నల్గొండలో చీకటితోనే లేచి ఒక్కడే బయలుదేరాడు. చలికాలం. ముందు అద్దం మసకబారుతోంది, గుడ్డతో తుడుచుకుంటూ నడుపుతున్నాడు. రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఖురాన్ ఆయత్ చదువుకుంటూ మలుపు దగ్గరికి వచ్చాడు... లైట్లు గోడ మీద పడ్డాయి.

గోడ మీద రెండు చేతులు.

చేతులే. గోడకు అవతలి వైపు నుంచి పైకి వచ్చి, అంచు పట్టుకొని ఉన్నాయి. తర్వాత చద్దరు. తర్వాత ఒక మోకాలు... మోకాలు వంగాల్సిన వైపు వంగలేదు. మెల్లగా, చాలా మెల్లగా, ఆ మొత్తం గోడ మీదికి జరుగుతోంది.

షరీఫ్ గొంతులో ఆయత్ ఆగిపోయింది. గేరు మార్చడం మరిచిపోయి, ఇంజిన్ అరుస్తుండగానే ఊరి తొవ్వలోకి తిప్పాడు.

ప్రేమ్‌సాగర్ ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. గేటు దగ్గర సెల్‌ఫోన్ లైటు పట్టుకొని ఆయన నిలబడి ఉన్నాడు. షరీఫ్ దిగి చెప్పబోయాడు.

"ష్... ఇంజిన్ బంద్ చెయ్," అన్నాడు ప్రేమ్‌సాగర్.

"సార్, మోరీ కాడ..."

"మెల్లగ. సప్పుడు చెయ్యకు."

ఇంట్లో దీపం వెయ్యలేదు. మంజులత చెప్పులు చేతిలో పట్టుకొని బయటికి వచ్చింది. వెనక వర్షిత, నిద్రమొహంతో. సంచులు ఒకటొకటిగా, దొంగలు మోసినట్టు మోసి బండిలో పెట్టారు. పులిహోర డబ్బా మూత కదిలి చప్పుడైతే ముగ్గురూ బిగుసుకుపోయి ఒక మూసిన తలుపు వైపు చూశారు.

షరీఫ్ బయట ఒకటి చూసి వచ్చాడు. ఇప్పుడు లోపల ఏముందో ఏమో.

"ఆ అర్రల ఎవరున్నరు సార్?" గొంతు తగ్గించి అడిగాడు.

"అక్క పండుకున్నది."

"మరి... అక్క వస్తదంటిరి? ముందు సీటు..."

"పానం మంచిగ లేదు. వచ్చే నెల పోదామని చెప్పిన. లేస్తే ఏడుస్తది భాయ్, జర అర్థం చేస్కో."

షరీఫ్‌కు ఆ నవ్వు గుర్తొచ్చింది. నీ నడుమా, నా నడుమా అన్న నవ్వు. మనసులో చివుక్కుమంది. కానీ కిరాయి బండి వాడు, ఇంటి సంగతుల్లో ఏం మాట్లాడతాడు? బండిని న్యూట్రల్‌లో పెట్టి, ప్రేమ్‌సాగర్‌తో కలిసి తొవ్వ దాకా నెట్టాడు. అక్కడ స్టార్ట్ చేశాడు.

ముందు సీటులో ప్రేమ్‌సాగర్ కూర్చున్నాడు. వెనక తల్లీ కూతుళ్ళు. మంజులత ఏదో అనబోయింది. "వదినెను గిట్ల..."

"మంజులా. సప్పుడు చెయ్యకు."

మలుపు దగ్గర పడుతోంది. అద్దం మసకకు ప్రేమ్‌సాగర్ తన వైపు కిటికీ పూర్తిగా దించాడు. మలుపు గనక బండి మెల్లగా నడవాలి. ఎంత మెల్లగా అంటే, పక్కన నడిచే మనిషితో మాట్లాడొచ్చు. షరీఫ్ తనకు తానే చెప్పుకున్నాడు. ఉండదు... ఉండదు... ఇంతసేపు ఉండదు...

ఉంది.

గోడ మీద కూర్చొని ఉంది. ఈసారి చద్దరు లేదు. చీర. మడతల గీతలు ఇంకా పోని కొత్త చీర. ఒళ్ళో ఒక సంచి. తల దువ్వి ఉంది. తల నిటారుగా లేదు, పక్కకు తిరిగి, కింది నుంచి పైకి చూస్తున్నట్టు... లైట్ల వైపే చూస్తోంది.

ప్రేమ్‌సాగర్ నోట్లోనే ఏదో అన్నాడు. చిన్న మాట. షరీఫ్‌కు వినబడలేదు. ఆ వెంటనే గట్టిగా,

"పోనియ్. ఆపకు భాయ్, పోనియ్... అది మంచి జాగ కాదు."

దయ్యాలు లేవని నవ్విన మనిషే అట్లా అంటే ఇంకెవరు ఆగుతారు? షరీఫ్ కాలు నొక్కాడు. గోడ, చీర, సంచి - అన్నీ ప్రేమ్‌సాగర్ కిటికీ పక్క నుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా వెనక్కి పోయాయి. వెనక సీటులో మంజులత బిడ్డ కళ్ళ మీద చెయ్యి పెట్టింది.

ఆ చెయ్యి కింది నుంచే వర్షిత అన్నది. అరవలేదు, మామూలుగానే అన్నది.

"డాడీ... అత్తమ్మ."

షరీఫ్ బ్రేకు మీద నిలబడ్డాడు.

అద్దంలో వెనక లైట్ల ఎర్ర వెలుగు. ఆ వెలుగులో గోడ మీద ఆ మనిషి, దిగకుండా, పిలవకుండా, సంచి పట్టుకొని అట్లాగే కూర్చొని ఉంది. ప్రేమ్‌సాగర్ ఎదురుగా రోడ్డు వైపే చూస్తున్నాడు. వెనక్కి తియ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

షరీఫ్ తనంతట తానే రివర్స్ వేశాడు.

"భాయ్, బండి జర గోడకు ఆనిచ్చి పెట్టు," అన్నది ఆమె. అదే ఫోన్ గొంతు. "ఎనక తలుపు తియ్యిరి. ఎవ్వరు పట్టొద్దు. నేనే ఎక్కుత."

గోడా సీటూ ఒకే ఎత్తు. చేతులు ఆనించింది, పళ్ళు బిగబట్టింది, కూర్చున్నది కూర్చున్నట్టే గోడ మీది నుంచి సీటు మీదికి జరిగింది. ఎన్ని రాత్రులు ఎక్కి దిగి నేర్చుకుందో! ఒక్క చోట కూడా తడబడలేదు.

ఆ ఊరి బోరు నీళ్ళు తాగి వంగిన మనిషి ఆమె. ఫ్లోరైడ్ నీళ్ళు. కృష్ణ నీళ్ళు నల్లాలో వచ్చేనాటికి ఆమె ఎముకలకు ఆలస్యమైపోయింది. తమ్ముణ్ణి చిన్నప్పుడే నల్గొండ హాస్టల్లో వేశారు, ఆయన అక్కడి మంచి నీళ్ళు తాగి నిటారుగా పెరిగాడు. హాస్టల్‌కు పంపే పైసలకు ఎండలో కూలి చేసింది ఈమె, దప్పికైతే అదే బోరు నీళ్ళు తాగింది. నాకు షరీఫ్ ఈ ముక్క చెప్పినప్పుడు దుఃఖం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

పోయినేడు యాదగిరిగుట్టకు తీసుకపోతే బస్సు మెట్టు ఎక్కలేకపోయిందట. నలుగురు కలిసి లేపారు. బస్టాండులో జనం ఫోన్లు పట్టుకొని వీడియో తీశారు. ఆ రోజు ప్రేమ్‌సాగర్ తల దించుకొని ఇల్లు చేరాడు, మళ్ళీ అక్కను గడప దాటించలేదు. మాట మాత్రం ఇస్తూనే వచ్చాడు. ఆమె ఆ మాట నమ్మి, జనం చూడని గడియ చూసుకొని, ఈ గోడ దగ్గరికి వచ్చేది. అప్పుడప్పుడు బండి ఆగితే ఎక్కి చూస్తానని అడిగేది. ఎక్కాల్నా అని.

మంజులత ఏడుస్తోంది. "వదినె... నీకెట్ల తెలిసింది?"

"నడిరాత్రి పులిహోర తాలింపు ఏస్తరా ఎవరన్న?" అన్నది ఈదమ్మ. వర్షితను దగ్గరికి తీసుకున్నది. "భాయ్, నిన్ను గూడ బెదిరిచ్చిన గద ఇందాక. ఏమనుకోకు."

"అయ్యో, అక్కా..." అన్నాడు షరీఫ్.

బండి కదిలింది. చాలా దూరం పోయాక ప్రేమ్‌సాగర్ గొంతు సవరించుకున్నాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అక్కా... చీకట్ల కండ్లకు ఆనలేదే. నేను గూడ దయ్యమే అనుకున్న."

ఈదమ్మ కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చున్నది. తర్వాత, కోపం లేకుండా, ఉన్నమాట చెబుతున్నట్టు అన్నది.

"మస్తు మంది ఉరికిన్రు తమ్మీ నన్ను జూసి. వాళ్ళందరు దయ్యమనుకొనే ఉరికిన్రు. నాకు నవ్వొచ్చేది. నువ్వట్ల కాదు. నీ కిటికీ తీసే ఉన్నది, నాకు ఇనవడ్డది. ముందుగాల నువ్వు అక్క అన్నవ్. గా తర్వాతనే పోనియ్ అన్నవ్."